ఏ ఆటకు ఎంత జనం? కోల్‌కతా ఫుట్‌బాల్ పంతాల వెనక లెక్కలు

1,31,781.

కోల్‌కతాలో ఫుట్‌బాల్ మాట పంతంలోకి దిగిందంటే ఈ అంకె బయటికి రాక మానదు. 1997 జులై 13, ఆదివారం. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు సాల్ట్ లేక్ స్టేడియంలో తలపడ్డాయి. ఆ సాయంత్రం లోపల ఉన్న జనంగా రికార్డుకెక్కిన సంఖ్య అది. 2022లో అహ్మదాబాద్‌లో జరిగిన ఐపీఎల్ ఫైనల్‌కు 1,01,566 మంది వచ్చారని గిన్నిస్ వాళ్ళు పత్రం ఇచ్చారు. ఆ అంకెను చూసి కూడా కోల్‌కతా ఫుట్‌బాల్ అభిమాని ఉలకడు. తన లెక్క దానికి ముప్పై వేలు పైన ఉంది మరి.

కోల్‌కతా శివారు న్యూ టౌన్‌లో ఐటీ ఉద్యోగాలకు వచ్చిన తెలుగువాళ్ళకు ఈ పంతం త్వరగానే పరిచయమవుతుంది. సెక్టార్ ఫైవ్‌లో మెట్రో ఎక్కితే ఐదో స్టేషనే సాల్ట్ లేక్ స్టేడియం. డెర్బీ, అంటే ఈ రెండు జట్లు తలపడే మ్యాచ్, ఉన్న రోజున ఆ పెట్టెలో సగం ఎరుపు పసుపు, సగం ఆకుపచ్చ మెరూన్. ఆఫీసులో పక్క కుర్చీ బెంగాలీ మిత్రుణ్ణి ‘మీ ఊళ్ళో క్రికెట్టా, ఫుట్‌బాలా?’ అని అడిగి చూడండి. జవాబు అంకెలతోనే వస్తుంది.

ఇలాంటి వాదన ఈ ఊరికే సొంతం కాదు. ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ అనే పేరును కనీసం నాలుగు ఆటలు పంచుకుంటాయి: జట్టుకు పద్దెనిమిది మందితో ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్, పదమూడు మందితో ఆడే రగ్బీ లీగ్, పదిహేను మందితో ఆడే రగ్బీ యూనియన్, మనందరికీ తెలిసిన గుండ్రటి బంతి ఆట. మెల్‌బోర్న్ వైపు మొదటిది, సిడ్నీ వైపు రెండోది రాజ్యమేలతాయి. 1978లో చరిత్రకారుడు ఇయాన్ టర్నర్ ఆ రెండు రాజ్యాల మధ్య ఒక ఊహారేఖ గీసి, రాన్ బరాసీ అనే ఆటగాడి పేరు పెట్టాడు. ఆ గీతకు ఇటువైపు వాళ్ళు స్టేడియం జనాన్ని చూపిస్తారు, అటువైపు వాళ్ళు టీవీ ప్రేక్షకులను చూపిస్తారు, గుండ్రటి బంతి అభిమానులు ఆడే పిల్లల సంఖ్యను చూపిస్తారు. ఎవరికి అనువైన అంకె వాళ్ళది. మెల్‌బోర్న్ వాళ్ళ గొప్ప అంకె 1,21,696. 1970లో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్ల మధ్య జరిగిన గ్రాండ్ ఫైనల్‌కు వచ్చిన జనమది. సాల్ట్ లేక్ అంకె దానికన్నా 10,085 ఎక్కువ.

అభిమానం ఉన్నచోట పంతం ఉండాల్సిందే. నా పేచీ ఒక్కటే. అంకెను జెండాలా ఎగరేసేవాళ్ళు ఆ అంకె దేన్ని కొలిచిందో అడగరు. అడిగితే కోల్‌కతా కథ ఇంకా గొప్పగా కనిపిస్తుందని నా నమ్మకం. ఆ కథలో తెలుగు నేల వాటా కూడా చిన్నది కాదు.

రెండు బంతులు, ఒకే మైదానం

ఇప్పుడంటే కోల్‌కతాలో ఫుట్‌బాల్ అంటే ఒకటే ఆట గానీ, మొదట్లో ఇక్కడ దిగింది కోలబంతి. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇంగ్లండ్ వాళ్ళు ఒక జట్టుగా, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్ళు కలిసి ఇంకో జట్టుగా, చెరి ఇరవై మందితో రగ్బీ ఆడారు. ఆట బాగా రక్తికట్టడంతో 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. 1874లో లండన్‌లోని రగ్బీ యూనియన్‌లో సభ్యత్వం కూడా తెచ్చుకుంది. అయిదేళ్ళు తిరిగేసరికి క్లబ్‌లో ఆడేవాళ్ళు కరువయ్యారు. కారణాలు చాలా మామూలువి. ఈ ఎండకు ఆ ఆట పడలేదు. పోలో, టెన్నిస్ మనుషులను లాక్కుపోయాయి. క్లబ్‌లో ఉచితంగా పోసే మందు ఆపేయగానే సభ్యులు మరింత పలచబడ్డారని కూడా ఆ క్లబ్ చరిత్రలో ఉంది.

మూసేయక తప్పదని తేలాక, మిగిలిన సభ్యులు ఒక మంచి పని చేశారు. బ్యాంకులో ఉన్న క్లబ్ డబ్బును వెండి రూపాయలుగా తీసుకుని, వాటిలో 270 కరిగించి ఒక కప్పు చేయించారు. మూడు నాగుపాములు చేతులుగా, మూత మీద ఏనుగు. ఎత్తు 45 సెంటీమీటర్లు. 1878లో దాన్ని ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చేశారు. 1879 మార్చి 10న ఎడిన్‌బరోలో ఇంగ్లండ్, స్కాట్లండ్ తొలిసారి ఆ కప్పు కోసం ఆడి సమంగా నిలిచాయి. ఇప్పటికీ ఏటా ఆడుతున్నాయి. దాని పేరు కలకత్తా కప్.

జనం లెక్కల మీద వాదించుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఇక్కడ ఆగాలి. ఆటగాళ్ళు చాలక మూతపడిన క్లబ్ వెండి, ట్వికెన్‌హామ్‌లో మ్యాచ్ పడిన ఏడు 82 వేల సీట్లను నింపుతోంది. ఎడిన్‌బరోలోని మర్రీఫీల్డ్‌లో పడిన ఏడు 67 వేలు. కలకత్తా అనే పాత పేరును నగరం 2001లో అధికారికంగా వదిలేసినా, ఆ కప్పు మీద అది అలాగే ఉంది. ఆ కప్పు పుట్టిన ఊళ్ళో మాత్రం ఆ పోటీని చూడటానికి టీవీ ముందు కూర్చునేవాళ్ళు కొద్దిమందే. ఒక ఆటకు ‘ఆదరణ’ అనే మాట ఒక ఊరితో ముడిపడి ఉంటుందా, ఆటతో ముడిపడి ఉంటుందా అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కోలబంతి వెళ్ళిపోయిన చోటికి గుండ్రటి బంతి ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి బెంగాల్లో అందరికీ తెలుసు. 1877లో హేర్ స్కూల్ పిల్లవాడు నగేంద్ర ప్రసాద్ సర్వాధికారి, మైదాన్‌లో తెల్లవాళ్ళ బంతి తన వైపు దొర్లివస్తే కాలితో తన్నాడట. తరువాత స్నేహితులతో చందాలు వేసి బంతి కొంటే అది రగ్బీ బంతి అయిందట. కాలేజీ ప్రొఫెసరు ఒకాయన చూసి, సరైన బంతి తెప్పించి నేర్పించాడట. వివరాలు ఎలా ఉన్నా, తేలిన ఫలితం ఒక్కటే. బూట్లు లేకుండా ఆడగల ఆట, తడినేల మీద కూడా ఆడగల ఆట, ఒక బంతి ఉంటే చాలనిపించే ఆట ఈ నేలకు అంటుకుంది. కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ కూడా తిరిగి లేచాక ఈ ఆటలోకే వచ్చి, కలకత్తా లీగ్‌ను ఎనిమిదిసార్లు, ఐఎఫ్‌ఏ షీల్డ్‌ను తొమ్మిదిసార్లు గెలిచింది.

జనం ఎప్పుడు పోగయ్యారు?

1911 జులై 29న మోహన్ బగాన్ 2–1తో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచింది. పదకొండు మందిలో పది మంది కాళ్ళకు బూట్లు లేవు. శివదాస్ భాదురి, అభిలాష్ ఘోష్ గోల్స్ కొట్టారు. ఆ రోజు ఎంతమంది వచ్చారంటే 60 వేల నుంచి లక్ష దాకా ఎవరి అంచనా వాళ్ళది. తలలు లెక్కపెట్టేవాళ్ళు లేని చోట లెక్క అలాగే ఉంటుంది. వెనక నిలబడ్డవాళ్ళకు ఆట కనపడక, గాలిపటాలు ఎగరేసి స్కోరు తెలిపారని ఆనాటి కథనాలు చెబుతాయి. అంచనా ఎంత వదులుగా ఉన్నా ఒక విషయం గట్టిది. ఆ జనం ఆట కోసం మాత్రమే రాలేదు, దొరల జట్టు ఓడిపోతుందేమో చూడటానికి వచ్చారు.

ఆ తరువాత జనం పెరిగిన ప్రతి మలుపులోనూ ఆటకు బయటి కారణం ఒకటి ఉంది. 1934 నుంచి 1938 దాకా వరుసగా ఐదుసార్లు లీగ్ గెలిచిన మహమ్మదన్ స్పోర్టింగ్ వెనక దేశంలోని ముస్లిం అభిమానులు నిలబడ్డారు. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ వెనక, దేశ విభజనతో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన తూర్పు బెంగాల్ వాళ్ళు నిలబడ్డారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. ఆ ఇలిశ మరేదో కాదు, గోదావరి జిల్లాల వాళ్ళు పుస్తెలమ్మి అయినా తినాలనే పులసే.

ఈ రెండు జట్ల మధ్య తెలుగు నేల పాత్ర గురించి మనవాళ్ళే తక్కువ చెప్పుకుంటారు. 1949 నుంచి 1953 దాకా ఈస్ట్ బెంగాల్ దాడిని నడిపిన ఐదుగురిని ‘పంచ పాండవులు’ అన్నారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురిలో ఒక్క బెంగాలీ లేడు. ఆ కాలంలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. కోల్‌కతా క్లబ్బుల చూపు హైదరాబాద్ మీద పడటంలో వింతేముంది? సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. నయీముద్దీన్ వెళ్ళాడు, గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ వెళ్ళాడు. మహమ్మద్ హబీబ్ ఏకంగా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2–2తో నిలిచినప్పుడు, ఆ రెండిట్లో ఒక గోల్ హబీబ్‌ది. పెలేను చూడటానికి వచ్చిన ఊరు ఆ రాత్రి హైదరాబాదీ పేరు పలుకుతూ ఇళ్ళకు వెళ్ళింది. 2023లో, ఆగస్టు 15న, హబీబ్ హైదరాబాద్‌లో కన్నుమూశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో బలరాం పోయాడు. హైదరాబాద్‌లో పుట్టిన ఆ అభిమానానికి స్టేడియం కోల్‌కతాలో దొరికిందని చెప్పుకోవాలి.

పట్టే జాగా, పట్టిన జనం

ఇప్పుడు మొదటి అంకె దగ్గరికి వద్దాం. 1997 నాటి మ్యాచ్‌కు ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా తన ‘డైమండ్’ వ్యూహం గురించి, ఎదుటి ఆటగాళ్ళ గురించి పత్రికల్లో చాలా మాట్లాడాడు. అవతలి కోచ్ పీకే బెనర్జీ. ఊరు ఊరంతా రగిలిపోయింది. ఈస్ట్ బెంగాల్ 4–1తో గెలిచింది. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు.

సాల్ట్ లేక్ స్టేడియం సామర్థ్యం అప్పట్లో 1,20,000 అనేవారు. లోపలికి చేరింది 1,31,781. అంటే నూటికి 110 మంది. అభిమానులు గొప్పగా చెప్పుకునే రికార్డులో, కూర్చునే జాగా లేని మనుషులు దాదాపు 12 వేల మంది ఉన్నారు. ఆ రోజు ప్రాణనష్టం లేకుండా ఇళ్ళకు చేరారు, అది అదృష్టం. అంతకు పదిహేడేళ్ళ ముందు, 1980 ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో గ్యాలరీలో కొట్లాట మొదలై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆట చూసి వస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ పేరున ఏటా ఆగస్టు 16న కోల్‌కతాలో రక్తదానం జరుగుతుంది. జనం అంకెల మీద పంతాలు పడే ప్రతి అభిమానికీ ఈ 16 అనే అంకె కూడా నోటికి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సిమెంటు మెట్ల స్థానంలో విడి కుర్చీలు వచ్చాక సాల్ట్ లేక్ సామర్థ్యం మొదట 85 వేలకు, తరువాత 68 వేలకు దిగింది. కాబట్టి 1997 రికార్డును ఈ స్టేడియంలో ఇంకెవరూ దాటలేరు. ఆదరణ తగ్గి కాదు, కుర్చీలు అన్నే ఉన్నాయి గనక. ప్రపంచమంతా ఇదే తీరు. మెల్‌బోర్న్ 1,21,696 నిలబడి చూసే రోజులది. ఇప్పుడు ఆ మైదానం నిండితే వచ్చే అంకె 1,00,024. సిడ్నీలో 1999 రగ్బీ లీగ్ ఫైనల్‌కు 1,07,999 మంది వచ్చారు, తరువాత ఆ స్టేడియాన్నే కుదించారు. 1950 ప్రపంచ కప్‌లో బ్రెజిల్, ఉరుగ్వే ఆడిన చివరి మ్యాచ్‌కు మరకానాలో టిక్కెట్టు కొన్నవాళ్ళు 1,73,850 మంది. మొత్తం జనం మాత్రం రెండు లక్షలకు దగ్గరని చెబుతారు. కొన్నవాళ్ళకూ వచ్చినవాళ్ళకూ మధ్య ఒక చిన్న పట్టణమంత తేడా ఉంది.

జనం సంఖ్యగా పేపర్లో వచ్చేది నాలుగు రకాల్లో ఏదైనా కావచ్చు. అమ్ముడైన టిక్కెట్లు. పంచిన పాసులు కూడా కలిపిన లెక్క. గేటు దగ్గర తిరుగుడు కడ్డీ నమోదు చేసిన తలలు. లేదా మైకులో ప్రకటించిన అంచనా. వాన పడిన రోజున మొదటిదానికీ మూడోదానికీ మధ్య వేలల్లో తేడా వస్తుంది. రెండు ఆటలను పోల్చేటప్పుడు ఒకరి మొదటి రకం లెక్కను ఇంకొకరి నాలుగో రకం లెక్క పక్కన పెట్టడమే ఈ పంతాల్లో ఎక్కువగా జరిగే తప్పు.

అసలైన రికార్డు బుధవారం నాటిది

నన్నడిగితే కోల్‌కతా ఫుట్‌బాల్ ప్రేమకు 1997 ఆదివారం కన్నా గొప్ప సాక్ష్యం 2017 అక్టోబర్ 25, బుధవారం. అండర్–17 ప్రపంచ కప్‌లో బ్రెజిల్, ఇంగ్లండ్ సెమీఫైనల్ గువాహటిలో జరగాలి. వానలకు అక్కడి మైదానం పాడవడంతో రెండు రోజుల ముందు మ్యాచ్‌ను సాల్ట్ లేక్‌కు మార్చారు. సెలవు కాదు. భారత జట్టు లేదు, తొలి దశలోనే ఇంటికెళ్ళింది. మోహన్ బగాన్ లేదు, ఈస్ట్ బెంగాల్ లేదు. ఆడేది పదిహేడేళ్ళ లోపు పిల్లలు. వచ్చిన జనం 63,881. మూడు రోజుల తరువాత ఇంగ్లండ్ 5–2తో స్పెయిన్‌ను ఓడించిన ఫైనల్‌కు 66,684 మంది వచ్చారు. 68 వేల స్టేడియంలో నూటికి 98 మంది.

పంతం లేకుండా, కులదైవం లాంటి క్లబ్బు లేకుండా, కేవలం ఆట చూడటానికి వచ్చిన జనం వీళ్ళు. ఆ టోర్నీకి దేశం మొత్తం మీద 52 మ్యాచ్‌లకు 13,47,133 మంది వచ్చారు. ఆ వయసు ప్రపంచ కప్‌లలో అప్పటికి అదే రికార్డు. సగటు దాదాపు 25,900. అదే టోర్నీలో కొచ్చి సగటు తక్కువగా కనపడితే మలయాళీలకు ఆట మీద ప్రేమ లేదని అనుకోకండి. భద్రత కారణంగా ఆ స్టేడియంలో 29 వేల మందినే రానిచ్చారు. అంకె పక్కన సామర్థ్యం రాయకపోతే జరిగే అన్యాయం ఇలాంటిదే.

సగటు చెప్పేది, దాచేది

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. తొలి మ్యాచ్‌ అక్టోబర్ 12న సాల్ట్ లేక్‌లోనే, సుమారు 65 వేల మంది ముందు. ఆ సీజన్ సగటు 24 వేల పైచిలుకు. 2019–20 నాటికి సగటు సుమారు 13 వేలకు పడింది. క్రికెట్ అభిమానులు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ‘చూశారా, ఫుట్‌బాల్ మోజు ఐదేళ్ళలో సగం అయిపోయింది’ అంటారు.

గుణించి చూద్దాం. తొలి సీజన్లో 8 జట్లు, 61 మ్యాచ్‌లు. మొత్తం జనం సుమారు 15 లక్షలు. 2019–20లో 10 జట్లు, 95 మ్యాచ్‌లు. మొత్తం సుమారు 12 లక్షలు. తగ్గింది నిజమే, కానీ తగ్గింది అయిదో వంతు, సగం కాదు. రెండున్నర నెలల కొత్త వేడుక ఐదారు నెలల లీగ్‌గా సాగినప్పుడు, వారం మధ్యలో పడిన మ్యాచ్‌కు జనం పలచబడతారు. తిరునాళ్ళ జనాన్ని చూసి ఊరి జనాభా చెప్పలేం. తిరునాళ్ళ అయిపోయిన మర్నాడు వీధిలో నలుగురే కనిపించారని ఊరు ఖాళీ అయిపోయిందనీ అనలేం.

సగటు దాచే సంగతి ఇంకొకటి. 2020 మార్చి 14న అదే సీజన్ ఫైనల్లో కోల్‌కతా జట్టు ఏటీకే 3–1తో చెన్నయిన్‌ను ఓడించింది. గోవా ఫతోర్దా స్టేడియంలో ప్రేక్షకుల సంఖ్య సున్నా. కరోనా. ఆ సున్నాతో కోల్‌కతా ఆదరణను ఎవరూ కొలవరు. కానీ హైదరాబాద్ విషయంలో దాదాపు అదే జరిగింది. 2021–22 సీజన్ మొత్తం గోవాలోనే ఆడారు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ ఏడు ఛాంపియన్ అయింది, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి. సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడకుండా కప్పు తెచ్చింది. రహీం, బలరాం, హబీబ్‌ల ఊరికి లీగ్ కిరీటం వచ్చిన ఏడాదిలో గచ్చిబౌలి గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టే అవకాశం ఒక్కరికీ దక్కలేదు. ఆ తరువాత డబ్బు కష్టాలు చుట్టుముట్టాయి, మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. ‘హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు జనం రారు’ అని తీర్పు చెప్పేవాళ్ళు ఈ వరుసను ఒకసారి చదవాలి. గెలిచినప్పుడు చూడనివ్వలేదు. చూడనిచ్చే రోజులు వచ్చాక జట్టును నిలబెట్టలేదు.

కోలబంతికీ ఇప్పుడు హైదరాబాద్ పేరుంది. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. మ్యాచ్‌లన్నీ అంధేరీలోనే. అంటే రెండు రకాల ఫుట్‌బాల్‌కూ మన ఊరి పేరు దొరికింది, కానీ గెలిచిన ఏడు ఒకదానికి, తొలి ఏడు ఇంకోదానికి మన ఊరి గ్యాలరీ దొరకలేదు.

మరి క్రికెట్?

న్యూ టౌన్‌లో వాదన చివరికి ఇక్కడికే చేరుతుంది. ఈడెన్ గార్డెన్స్ అంటే తెలుగువాడికి 2001లో లక్ష్మణ్ కొట్టిన 281. ఆ ఊరివాళ్ళకూ అంతే. కాబట్టి క్రికెట్‌ను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 1999 ఫిబ్రవరిలో భారత్, పాకిస్తాన్ టెస్టుకు ఈడెన్‌లో ఐదు రోజులకు కలిపి 4,65,000 మంది వచ్చారు. రోజుకు సగటున 93 వేలు. అయితే ఆ సగటులో చివరి రోజూ ఉంది. గొడవ ముదిరి పోలీసులు గ్యాలరీలు ఖాళీ చేయించాక, మ్యాచ్ ముగిసే వేళకు మిగిలింది సుమారు 200 మంది. ఫుట్‌బాల్ అభిమాని ఈ 200 ను ఎత్తిచూపిస్తే, క్రికెట్ అభిమాని 4,65,000 ను చూపిస్తాడు. రెండూ నిజాలే. ఈ రోజున ఈడెన్, సాల్ట్ లేక్ రెండిటి సామర్థ్యమూ 68 వేల చుట్టుపక్కలే ఉంది కాబట్టి, ఇక ముందు పెద్ద అంకెతో ఎవరూ ఎవరినీ ఓడించలేరు. ఎన్నిసార్లు నిండింది అన్న లెక్కతోనే వాదించుకోవాలి.

ఆ లెక్కలో ఫుట్‌బాల్ వెనకబడలేదు. 2024 మే 4న ఐఎస్‌ఎల్ ఫైనల్‌కు 62,007. అంతకు మూడు వారాల ముందు, ఏప్రిల్ 15న, మోహన్ బగాన్ ముంబయి సిటీని ఓడించి లీగ్ షీల్డ్ అందుకున్న మ్యాచ్‌కు 61,777. అది సోమవారం. 2025 ఏప్రిల్ 12న మోహన్ బగాన్ 2–1తో బెంగళూరును ఓడించిన ఫైనల్‌కు 59,112. మూడూ 85 శాతం పైన నిండినవే.

గేటు లెక్కకు అందని జనం

2024 ఆగస్టు 18న సాల్ట్ లేక్‌లో డ్యూరాండ్ కప్ డెర్బీ జరగాలి. ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో యువ వైద్యురాలిపై జరిగిన ఘోరానికి నగరం అట్టుడుకుతున్న రోజులవి. భద్రతకు చాలినంతమంది పోలీసులు లేరని మ్యాచ్ రద్దు చేశారు. అయినా అభిమానులు వచ్చారు. మోహన్ బగాన్ వాళ్ళు, ఈస్ట్ బెంగాల్ వాళ్ళు, మహమ్మదన్ వాళ్ళు స్టేడియం బయట బైపాస్ రోడ్డు మీద ఒకటై న్యాయం కోసం నినాదాలు చేశారు. లాఠీ దెబ్బలు తిన్నారు. వందేళ్ళుగా ఒకరి జనాన్ని ఒకరు తక్కువ చేసుకున్నవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి జెండాలు ఊపారు. మ్యాచ్ లేదు కాబట్టి ఆ జనం ఏ రికార్డులోనూ లేరు.

2025 డిసెంబర్ 13 దీనికి పూర్తిగా ఎదురు. అదే స్టేడియంలో మెస్సీని చూపిస్తామని వేల రూపాయలకు టిక్కెట్లు అమ్మారు. చుట్టూ మూగిన పెద్దమనుషుల మధ్య ఆయన గ్యాలరీకి సరిగా కనపడనే లేదు. కొద్ది నిమిషాల్లోనే వెళ్ళిపోయాడు. కోపంతో జనం కుర్చీలు విరిచి మైదానంలోకి విసిరారు. అదే సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్‌లో కార్యక్రమం ప్రశాంతంగా జరిగింది. 2011 సెప్టెంబర్ 2న ఇదే మెస్సీ ఇదే సాల్ట్ లేక్‌లో అర్జెంటీనా కెప్టెన్‌గా వెనిజులా మీద తొంభై నిమిషాలు ఆడాడు. అప్పుడూ వేలల్లో జనం వచ్చారు, కుర్చీలు ఎగరలేదు. ఆట ఉన్న జనమూ, ఆట లేని జనమూ టిక్కెట్ల లెక్కలో ఒకేలా కనిపిస్తారు. ఫుట్‌బాల్ ఆదరణకు ఆ డిసెంబర్ జనాన్ని కలిపేవాళ్ళతో నేను ఒప్పుకోను.

లెక్కలో చేరాల్సినవి

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన నేషనల్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌ను న్యూ టౌన్‌లో పెట్టింది. పాతికేళ్ళ క్రితం పొలాలూ చెరువులూ ఉన్న చోట ఇప్పుడు జాతీయ స్థాయి శిక్షణ మైదానాలున్నాయి. కోలబంతి కూడా ఈ రాష్ట్రంలో చచ్చిపోలేదు. 2004లో కోల్‌కతాలో మొదలైన జంగిల్ క్రోస్ వీధి పిల్లలకు రగ్బీ నేర్పింది. ఉత్తర బెంగాల్‌లోని సరస్వతీపూర్ తేయాకు తోటలో ఆదివాసీ కూలీల ఆడపిల్లలు ఆ బంతి పట్టుకుని భారత జట్టు దాకా వెళ్ళారు. జనం లెక్కలో రగ్బీ ఇక్కడ సున్నాకు దగ్గర. కానీ తేయాకు కోసే ఇంటి పిల్లకు విమానం ఎక్కించిన ఆటను సున్నా అనడం ఎలా? కాబట్టి ఆదరణ పట్టికలో ఆడేవాళ్ళ వరుస ఒకటి తప్పకుండా ఉండాలి.

రెండో వరుస మామూలు రోజుల జనానిది. 1898లో మొదలైన కలకత్తా లీగ్ ఇప్పటికీ వర్షాకాలంలో సాగుతుంది. మ్యాచ్‌లు నైహాటి, కల్యాణి, బారాసత్ లాంటి చోట్ల, చాలావరకు పనిరోజు మధ్యాహ్నాల్లో జరుగుతాయి. మరునాటి పేపర్లో స్కోరు ఉంటుంది, గోల్ కొట్టినవాడి పేరు ఉంటుంది, ఎంతమంది చూశారన్నది అరుదుగా కనిపిస్తుంది. బెంగాల్ ఆటను నడిపే ఐఎఫ్‌ఏ ప్రతి లీగ్ మ్యాచ్‌కూ మూడు అంకెలు ప్రకటించాలి: మైదానం సామర్థ్యం, అమ్మిన టిక్కెట్లు, లోపలికి వచ్చిన తలలు. తెలంగాణ, ఆంధ్ర సంఘాలు తమ జిల్లా, రాష్ట్ర పోటీలకూ అదే పని చేయాలి. దీనికి ఖర్చు లేదు, గేటు దగ్గర ఒక మనిషి, ఒక పుస్తకం చాలు. మూడేళ్ళు వరుసగా రాస్తే, న్యూ టౌన్ క్యాంటీన్ బల్ల దగ్గర 1,31,781 పక్కన పెట్టడానికి నైహాటి మంగళవారం అంకె ఒకటి దొరుకుతుంది.